కుంఫిణీ, పరంగి, దొర

ఫ్రెంచివాళ్ళు ఇంగ్లీషువాళ్ళను ‘రోస్‌బిఫ్’ అంటారు. రోస్ట్ బీఫ్ అనే మాటను తమ నోటికి తగ్గట్టు తిప్పుకున్నారు, అంతే. పద్దెనిమిదో శతాబ్దం నుంచీ ఉన్న వెక్కిరింపు ఇది. తమాషా ఏమిటంటే ఇంగ్లీషువాళ్ళు దీన్ని తిట్టుగా తీసుకోనే లేదు. హెన్రీ ఫీల్డింగ్ 1731లో ఒక నాటకం కోసం రోస్ట్ బీఫ్‌ను పొగుడుతూ ఏకంగా పాటే రాశాడు. 1748లో హోగార్త్ కలే రేవును బొమ్మ గీశాడు. నౌక మీద వచ్చిన పెద్ద మాంసం ముక్కను ఒకడు మోయలేక మోస్తుంటే, గంజినీళ్ళు తాగే బక్క ఫ్రెంచి సైనికులు నోరు తెరుచుకుని చూస్తుంటారు. మేం తింటాం, మీకు దొరకదు, అని దాని అర్థం. బదులుగా ఫ్రెంచివాళ్ళకు ‘కప్పలు’ అని పేరు పెట్టారు. పోర్చుగల్‌లో ఇప్పటికీ ఎండకు ఎర్రగా కందిపోయిన ఇంగ్లీషు టూరిస్టును ‘బిఫె’ అంటారు. అదీ ఆ మాంసం బాపతే. జర్మన్లు ఇంకో అడుగు ముందుకేసి ‘దీవి కోతులు’ అన్నారు.

అంతకన్నా పాత పేరు ఇంకొకటుంది. నూరేళ్ళ యుద్ధంలో, అంటే జోన్ ఆఫ్ ఆర్క్ కాలానికే, ఫ్రాన్సులో ఇంగ్లీషు సైనికులను ‘గోడాం’లు అనేవారు. ఆ సైనికుల నోట్లో పొద్దస్తమానం ఆడే తిట్టు అది. తిట్టు విన్నారు, అదే వాళ్ళ పేరనుకున్నారు. 1784లో పారిస్ రంగస్థలమెక్కిన బోమార్షె నాటకంలో ఫిగారో ఈ మాట మీదే పెద్ద ఉపన్యాసమిస్తాడు: ఇంగ్లీషు భాషకు మూలం ‘గోడాం’, అదొక్కటి వస్తే ఆ దేశంలో దేనికీ లోటుండదట.

ఇవన్నీ ఇరుగుపొరుగు తిట్లు. వాడు ఏం తింటాడు, ఎలా మాట్లాడతాడు, మొహం ఏ రంగులో ఉంటుంది అన్న దగ్గరే ఆగిపోతాయి. గోడకు అవతల ఉన్నవాడిని తిట్టడానికి భయమక్కర్లేదు. మరి అదే మనిషి గోడ దూకి వచ్చి, నీ పొలం కొలిచి, శిస్తు కట్టి, నీ ఊరి తాసిల్దారును వేసే చోటికి చేరితే? అప్పుడు వాడినేమని పిలుస్తాం? తెలుగువాళ్ళం ఏమని పిలిచామో ఒకసారి వరుసగా చూసుకుంటే, మన భాషలో రోస్‌బిఫ్‌కు సాటి రాగల మాట దాదాపు కనబడదు. దానికి కారణం మన మర్యాద అనుకుంటే పొరపాటే.

మొదట వచ్చిన పేరు పరంగి. దీని ప్రయాణం పెద్దది. మధ్యయుగంలో ఇప్పటి ఫ్రాన్సును ఏలిన ఫ్రాంకుల పేరు అరబ్బులకు చేరి, సిలువ యుద్ధాల నాటికి పడమటి క్రైస్తవులందరికీ అంటుకుంది. అరబ్బీలో, పారశీలో ఫరంగీ, ఫిరంగీ. ఆ తర్వాత సముద్రం మీద పోర్చుగీసువాళ్ళు వస్తే మన దేశంలో వాళ్ళే ఫిరంగులు, పరంగులు. చూడండి, ఫ్రాన్సుకు పేరిచ్చిన జాతి పేరే తిరిగి తిరిగి మన దగ్గర పోర్చుగీసువాడికీ, డచ్చివాడికీ, ఇంగ్లీషువాడికీ ఉమ్మడి పేరయింది. ఫ్రెంచివాళ్ళకు మాత్రం మళ్ళీ వేరే పేరు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ మాట మనుషుల దగ్గర ఆగలేదు. వాళ్ళు తెచ్చిన తుపాకీకి తాతలాంటి ఆయుధం ఫిరంగి అయింది. తెలుగులో ఫిరంగి అంటే ఇప్పుడు ఎవరికీ యూరప్ గుర్తు రాదు, గోల్కొండ కోట బురుజే గుర్తొస్తుంది. వాళ్ళతో వచ్చిన సుఖరోగం పరంగి వ్యాధి. పదహారో శతాబ్దపు వైద్యగ్రంథం భావప్రకాశంలో అదే ‘ఫిరంగ రోగం’. ఆ జబ్బుకు వాడిన దుంప కూడా సముద్రం మీద వచ్చిందే కాబట్టి దాని పేరు పరంగిచెక్క. రోగమూ పరంగిదే, మందూ పరంగిదే. ఈ జబ్బు విషయంలో యూరప్ కూడా మనకంటే గొప్పగా ఏం ప్రవర్తించలేదు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఫ్రెంచి జబ్బు అన్నారు, ఫ్రెంచివాళ్ళు నేపుల్స్ జబ్బు అన్నారు. ఎవరికి వాళ్ళు పక్కింటి గుమ్మం ముందు చెత్త ఊడ్చేశారు. మనకు ఆ పేచీ లేదు. ఓడ దిగిన వాళ్ళందరూ మనకొకటే. కొన్ని చోట్ల బొప్పాయిని పరంగికాయ అంటారు, అమెరికా నుంచి ఆ ఓడల్లోనే వచ్చింది గనక. ఇంత తియ్యటి కాయకూ, అంత చేదు జబ్బుకూ ఒకటే ఇంటిపేరు.

నెమ్మదిగా మన వాళ్ళు ఓడల్ని విడదీసి చూడటం నేర్చారు. పోర్చుగీసువాళ్ళు బుడతకీచులు అయ్యారు. నాకు తెలిసి తెలుగులో విదేశీయులకు పెట్టిన పేర్లన్నిటిలో ముద్దొచ్చే పేరు ఇదొక్కటే. ‘పోర్తుగేస్’ అన్న మాట తెలుగు నోట్లో పడి బుడతడూ కీచుగొంతూ కలిసిన ఒక చిన్న ప్రాణిగా మారింది. వెక్కిరిద్దామని చేసింది కాకపోవచ్చు, చెవికి అలా వినబడింది. హాలండ్ వాళ్ళు వలందులు. ఫ్రెంచివాళ్ళు పరాసులు. ఈ మూడు ముక్కలూ పుస్తకాల్లో వెతకనక్కర్లేదు, మచిలీపట్నంలో ఆటో ఎక్కితే చాలు. అక్కడ వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. 1759లో కల్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి లాక్కున్నాక పరాసుల కథ అక్కడ దాదాపు అయిపోయింది. పేటకు మాత్రం ఆ కబురు అందలేదు.

పండితులది వేరే దారి. వాళ్ళకు కొత్త మాట పుట్టించడం చిన్నతనం, పాత సంస్కృతంలోంచే ఒక గూడు వెతకాలి. అలా దొరికిన మాట హూణులు. ఎప్పుడో గుప్తుల కాలంలో గుర్రాల మీద వచ్చిన వాళ్ళ పేరు తెచ్చి ఓడల మీద వచ్చిన వాళ్ళకు తగిలించారు. పదిహేడో శతాబ్దంలో వేంకటాధ్వరి రాసిన విశ్వగుణాదర్శంలో ఇద్దరు గంధర్వులు విమానంలో దేశమంతా తిరుగుతారు. కృశానుడు ప్రతిదాంట్లో తప్పు పడతాడు, విశ్వావసుడు ప్రతిదాంట్లో మంచి వెతుకుతాడు. చెన్నపట్నం వైపు వచ్చేసరికి హూణుల మీద పడతారు. వీళ్ళకు దయ లేదు, శుచి లేదు అని మొదటివాడు. వీళ్ళు అన్యాయంగా ఇంకొకరి సొమ్ము లాక్కోరు, అబద్ధమాడరు, వింత వస్తువులు చేస్తారు అని రెండోవాడు. ప్లాసీకి నూరేళ్ళ ముందు మాట కనక విశ్వావసుణ్ణి ఏమీ అనకూడదు.

ఆ వరసలోనే పంతొమ్మిదో శతాబ్దపు తెలుగులో ఇంగ్లీషు ‘హూణభాష’ అయింది. ఇక్కడ చరిత్ర చేసిన ఒక చిలిపి పని చెప్పాలి. 1900లో చైనాకు పంపుతున్న సైన్యంతో జర్మన్ చక్రవర్తి, హూణుల్లా భయం పుట్టించి రండి అన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఇంగ్లండు పత్రికలు ఆ మాట పట్టుకుని జర్మన్లను హూణులు, హూణులు అని తిట్టిపోశాయి. మన పండితుడికి మాత్రం ఆ తిట్టు తిట్టే వాడూ హూణుడే.

‘ఆంగ్లేయులు’ అన్న మాటా ఈ గూటి పక్షే. కుంతి కొడుకు కౌంతేయుడు, గంగ కొడుకు గాంగేయుడు అన్నట్టు ఆ చివర తగిలించేసరికి ఏదో పురాణవంశంలా వినబడుతుంది. నిజానికి దానికి మూలం ఆంగిల్స్ అనే పాత జర్మన్ తెగ.

పల్లెల్లో పేర్లు పుట్టిన పద్ధతి మాత్రం గోడాం పద్ధతే. విన్నమాటే పేరు. దీనికి ఇంగ్లీషువాడి కంటే ఫ్రెంచివాడే మంచి ఉదాహరణ, అదీ మా కర్నూలు గడ్డ మీద. 1750 చివర్లో నాసర్ జంగు హత్య, ఆ కుట్రలో పఠాను నవాబులు, వాళ్ళలో కర్నూలు నవాబు. రెండు నెలలకే రాయచోటి దగ్గర ఆ నవాబులతోనే పోరాటంలో కొత్త నిజాం ముజఫర్ జంగు కూడా పోయాడు. వెంట ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగుకు పట్టం కట్టి, హైదరాబాదు పోతూ పోతూ 1751లో కర్నూలు కోట మీద పడి పట్టుకున్నాడు. అంటే ఈ వైపు జనం దగ్గర్నుంచి చూసిన మొదటి తెల్ల సైన్యాల్లో ఒకటి పరాసులదే, కుంఫిణీది కాదు. ఆరేళ్ళకు, 1757లో, ఇదే బుస్సీ బొబ్బిలిలో కనబడతాడు. బొబ్బిలి కథ చెప్పేవాళ్ళ నోట్లో అతను ‘ముసేబూసీ’. ముసే అంటే మరేం కాదు, మొస్యూ. చుట్టూ ఉన్న సిపాయిలు ‘మొస్యూ బుస్సీ’ అంటుంటే మన వాళ్ళు గౌరవవాచకాన్నీ పేరునూ కలిపి ముద్ద చేశారు. హైదరాబాదులో నిజాం దగ్గర సేనలు నడిపి 1798లో చనిపోయిన రేమండుకూ అదే జరిగింది. మొస్యూ రేమండ్ హిందువులకు మూసారాం, ముస్లిములకు మూసా రహీం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేటకు రోజూ మెట్రోలో పోయేవాళ్ళు మూసారాంబాగ్ అన్న అనౌన్స్‌మెంటు వింటుంటారు. అది ఒక ఫ్రెంచి ‘గారు’.

ఇంగ్లీషువాళ్ళ దగ్గర మనకు ఎక్కువగా వినబడిన మాట ఏది? తిట్టు కాదు, గారూ కాదు. కంపెనీ. అదే కుంఫిణీ.

నెపోలియన్ ఇంగ్లండును అంగళ్ళు నడిపేవాళ్ళ జాతి అని ఎగతాళి చేశాడని చెప్పుకుంటారు. ఆ మాట అంతకుముందే, 1776లో, ఆడమ్ స్మిత్ పుస్తకంలో ఉంది. యూరప్‌లో అది గొప్ప వెక్కిరింపు. మన దగ్గర అది వెక్కిరింపు కాదు, ఉన్నమాట. ఒక అంగడి మన రాజయింది కాబట్టి రాజును అంగడి పేరుతో పిలిచాం. కుంఫిణీ వారు, కుంఫిణీ సర్కారు, కుంఫిణీ రూపాయి. 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలం మీదుగా శ్రీశైలం వెళ్ళాడు. ఆయన సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటరు, కుంఫిణీ లోకం మనిషి. అప్పటికింకా కర్నూలు నవాబుదే. శ్రీశైలంలో యాత్రికుల దగ్గర నవాబు మనుషులు వసూలు చేసే పన్ను ఆయనకు అస్సలు నచ్చలేదు. ఆయన దారి పొడుగునా ఒక దేశం దాటి ఇంకో దేశంలోకి పోలేదు, ఒకరి వసూళ్ళు దాటి ఇంకొకరి వసూళ్ళలోకి పోయాడు. పదేళ్ళు తిరక్కుండా, 1839లో, కుంఫిణీ ఆ నవాబు గులాం రసూల్ ఖాన్‌నూ దించేసింది.

కుంఫిణీ అన్న మాటలో ద్వేషం ఎప్పుడు చేరింది? ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల మధ్య ఉయ్యాలవాడలో చేరిందని చెప్పొచ్చు. నరసింహారెడ్డి తాత ముత్తాతలు పాలెగాళ్ళు. అతని వంతుకు మిగిలింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల తవర్జీ, అంటే భరణం. అణాపైసలతో సహా ఆ లెక్క జనానికి ఇప్పటికీ గుర్తుందంటే కారణం ఉంది. ఒక వంశాన్ని పద్దు పుస్తకంలో ఒక గీతగా మార్చేసిన లెక్క అది, అంగడివాడు మాత్రమే వేయగల లెక్క. 1846 జులైలో అతను కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. తాసిల్దారు చచ్చాడు. కోయిలకుంట్ల అప్పుడు కడప జిల్లాలోది, అందుకే కడప కలెక్టరు కాక్రేన్ రంగంలోకి దిగాడు. అక్టోబరు 6న పట్టుబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న ఉరి. తలను కోట దగ్గర గొలుసుతో వేలాడదీసి 1877 దాకా ఉంచారు. ముప్ఫై ఏళ్ళు. ఈ వైపు వీరగాథల్లో నరసింహారెడ్డి ఎదిరించింది ఇంగ్లీషువాళ్ళను కాదు, బ్రిటిషువాళ్ళను అసలే కాదు, కుంఫిణీని. 1858లో రాణి వచ్చి ఆ కంపెనీని పక్కన పెట్టేసింది. పాటల్లో మాత్రం దాన్ని రద్దు చేసే చట్టం రాలేదు.

అదే ఉయ్యాలవాడలో ఇంకో మనిషి ఉన్నాడు, బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో వేలమందికి గంజి పోసి బతికించాడు. ఆయనకు విక్టోరియా రాణి బంగారు పతకం ఇచ్చింది. ఆ పతకం వచ్చే నాటికి కోయిలకుంట్ల కోటలో ఆ తల ఇంకా వేలాడుతూనే ఉంది. జనం ఇద్దరి మీదా పాటలు కట్టుకున్నారు. ఒకే ఊరికి కుంఫిణీ ఉరితాడూ, రాణి పతకమూ ఇరవై ఏళ్ళ తేడాలో వచ్చాయి. చంపింది ఒక పేరు, మెచ్చింది ఇంకో పేరు. పేరు మారితే మనిషి మారాడని నమ్మించడం తేలికని లండన్‌లో ఎవరికో బాగా తెలుసు.

ఇక దొర. అసలు చిక్కు ఇక్కడే.

హిందీ వైపు తెల్లవాడు సాహెబు అయ్యాడు. మన దగ్గర కాలేదు. ఎందుకంటే సాహెబు అప్పటికే తెలుగులో సాయిబు అయి, ముస్లిం అన్న అర్థంలో కుదురుకుంది. కొత్తవాడికి ఖాళీగా ఉన్న గౌరవపదం కావాలి. దొర అచ్చంగా మనది, ఏలేవాడు, నాయకుడు, పెద్ద అని. కొండల్లో ఒక గిరిజన తెగ పేరే కొండదొరలు. కాబట్టి దొర తెల్లతోలు చూసి పుట్టిన మాట కాదు. మరి ఆ కుర్చీ ఎలా ఖాళీ అయింది?

1800లో నిజాం కడప, బళ్ళారి, అనంతపురం వైపు ప్రాంతాలన్నీ కుంఫిణీకి రాసిచ్చేశాడు. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. వచ్చేసరికి ఇక్కడ ఎనభై మంది పాలెగాళ్ళు. ఊళ్ళకు వాళ్ళే దొరలు, కోట వాళ్ళది, బంట్లు వాళ్ళ వాళ్ళు. ఏడేళ్ళలో వాళ్ళ ఆయుధాలు లాగేసి, కొందరిని తరిమి, కొందరిని బంధించి, మిగిలిన వాళ్ళను భరణం మీద కూర్చోబెట్టాడు. రైతుతో నేరుగా శిస్తు కట్టించుకునే రైత్వారీ పెట్టాడు. కుర్చీ ఖాళీ చేసినవాడే అందులో కూర్చున్నాడు. అంతవరకు పాలెగాడిని పిలిచిన మాటతోనే జనం కలెక్టరును పిలిచారు. ఇందులో బానిసబుద్ధి ఉందనే వాళ్ళున్నారు. నాకైతే ఇందులో రైతు లెక్క కనబడుతుంది. శిస్తు ఎవరికి కడితే వాడు దొర. నిన్న రెడ్డి, నేడు మన్రో.

మన్రో విషయంలో లెక్కతో పాటు ఇంకేదో కూడా ఉంది. గవర్నరయ్యాక వీడ్కోలు చెప్పుకోవడానికని ఈ వైపు తిరుగుతూ 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. డోన్ నుంచి బస్సులో పోయేంత దూరం పత్తికొండ. ఈ జిల్లాల్లో ఆ తర్వాత పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. గండి క్షేత్రంలో కొండల మధ్య కట్టిన బంగారు తోరణం అతనికి కనబడిందనీ, అది చావు దగ్గరపడిన వాళ్ళకే కనబడుతుందనీ కథ. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి అతనితో మాట్లాడాడని ఇంకో కథ. శిస్తు వేసిన వాడికి ఇన్ని దర్శనాలు ఎందుకిచ్చాం? అంతకుముందు వసూలు చేసినవాళ్ళు ఎంత పీడించి ఉంటే ఇతను నయమనిపించాడో అనుకోవాలి. ‘మన్రోలప్ప’లో ఆ ‘లు’ చూశారా? రాయలు, అయ్యవార్లు అన్నప్పటి గౌరవ బహువచనమే అదని నా అనుమానం. ఒక గ్లాస్గో వ్యాపారి కొడుకుకు మన వ్యాకరణం ఇచ్చిన బిరుదు.

గ్లాస్గో అన్నాను కదా, మన్రో ఇంగ్లీషువాడే కాదు, స్కాట్లండు మనిషి. మన ఊళ్ళ కైఫియత్తులు రాయించిన మెకంజీదీ స్కాట్లండు పక్కనున్న లూయిస్ దీవి. ఇద్దరూ మనకు ఇంగ్లీషు దొరలే. ఈ ఒక్క విషయంలో మనమూ ఫ్రెంచివాళ్ళూ ఒకటి. వాళ్ళకూ ఆ దీవిలో అందరూ ‘ఆంగ్లే’లే, స్కాట్లండువాడు ఎంత గింజుకున్నా వదలరు. ద గోల్ అయితే అమెరికావాళ్ళను కూడా కలిపి ‘ఆంగ్లో-సాక్సన్లు’ అని ఒక గంపలో వేసేశాడు.

దొర నుంచి దొరతనం వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దపు తెలుగు కాగితాల్లో గవర్నమెంటు అంటే దొరతనము వారు. ప్రభుత్వం అన్న మాట మనకు అలవాటయ్యేదాకా సర్కారుకు పక్కన నిలబడ్డ మాట అదే. 1920ల సహాయ నిరాకరణలో గరిమెళ్ళ సత్యనారాయణ చేసిన పని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆయన కొత్త తిట్టు కనిపెట్టలేదు. ప్రభుత్వం తనకు తాను పెట్టుకున్న మర్యాదపేరుకే ముందు రంగు తగిలించాడు, తెల్లదొరతనం అని. పాట ఊరూరా పాకింది, ఆయన జైలుకు పోయాడు. తెలుగులో రోస్‌బిఫ్‌కు సాటి రాగల మాట ఉందంటే బహుశా ఇదే. వాడు తినే తిండి మీద కాదు, వాడు కూర్చున్న కుర్చీ మీద గురిపెట్టిన వెక్కిరింపు.

ఆ తర్వాత రంగు ఊడిపోయి కుర్చీ మిగిలింది. తెల్లదొరలు పోయి నల్లదొరలు వచ్చారని స్వాతంత్ర్యం వచ్చిన కొన్నాళ్ళకే అనుకోవడం మొదలైంది. తెలంగాణలో దొర అంటే గడీలో కూర్చున్న భూస్వామి, ఆ మాట వింటే ఇవాళ్టికీ వెన్ను జలదరించే ముసలివాళ్ళున్నారు. అదే మాట గోదావరి వైపు పోతే కాటన్ దొర విగ్రహాల మెడలో దండ. మాట ఒకటే. నీళ్ళిచ్చినవాడి పక్కనా, వెట్టి చేయించినవాడి పక్కనా మొహం మార్చకుండా నిలబడుతుంది.

మనం వాళ్ళకు పెట్టిన పేర్ల గురించి ఇంత చెప్పాక వాళ్ళు మనకు పెట్టినవీ చూడాలి. తెలుగువాళ్ళం చాలాకాలం ఇంగ్లీషువాళ్ళకు ‘జెంటూ’లం. తెలుగు భాష పేరు జెంటూ భాష. అది పోర్చుగీసు ‘జెంతియో’ నుంచి వచ్చింది, అన్యమతస్థుడని అర్థం. అంటే పోర్చుగీసువాళ్ళు తెచ్చిన రేవుల్లో, మనం వాళ్ళను పోర్చుగీసుకు పెట్టిన పేరుతో పరంగి అన్నాం, వాళ్ళు మనల్ని పోర్చుగీసు మాటతో జెంటూ అన్నారు. బర్మా వెళ్ళిన మన కూలీలు ఓడ ఎక్కిన రేవు పేరుతో కొరంగీలు అయ్యారు. మొదట అది ఊరి పేరు, రంగూన్ వీధుల్లో తర్వాత్తర్వాత అదొక తిట్టు. కొరంగీ అనిపించుకున్నవాడికి ఎలా ఉండేదో రోస్‌బిఫ్ అనిపించుకుని నవ్వినవాడికి ఎప్పటికీ తెలియదు.

ఊళ్ళకూ, ప్రాంతాలకూ పెట్టిన పేర్లు ఇంకా మొండివి. మా స్టేషను బోర్డు మీద డోన్. నైజాం నుంచి వచ్చిన రైలు మార్గాన్ని పాత రైల్వే కాగితాలు సికింద్రాబాద్–ద్రోణాచలం లైను అన్నాయి. కాబట్టి అన్నిటికీ తెల్లవాణ్ణి అనడానికి లేదు, రెండు పేర్లూ అతని కాగితాల్లోనే ఉన్నాయి. పెద్దవాళ్ళు ద్రోణాచలం అంటారు, టికెట్ మాత్రం డోన్‌కే.

1800లో నిజాం రాసిచ్చిన జిల్లాలకు కుంఫిణీ పెట్టిన పేరు ‘సీడెడ్’. ఇచ్చేసినవి, వదులుకున్నవి అని. తెలుగులో దత్తమండలాలు అన్నారు. నాలుగు జిల్లాల మనుషులకు నూటపాతికేళ్ళకు పైగా అదే పేరు. ఎవరో ఎవరికో రాసిచ్చిన కాగితమే మన ఇంటిపేరన్నమాట. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడే దత్తమండలాల సభ విడిగా కూర్చుంది, కడప కోటిరెడ్డి అధ్యక్షుడు. ఈ పేరు మాకెందుకు అని గట్టిగా అనుకున్నది అక్కడే. చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్నారు. ఒప్పుకున్నారు.

ఆ రెండో ముక్క చూడండి. సీమ. అప్పటికి వంద, నూటయాభై ఏళ్ళుగా తెలుగులో సీమ అంటే ఇంగ్లండు, లేదా సముద్రం అవతలిది. సీమసున్నం, సీమచింత, సీమవంకాయ, సీమకోడి. సీమచింత మెక్సికో చెట్టు, సీమకోడి అమెరికా కోడి, అయినా ఓడ దిగింది కనక సీమదే. మాకు పడమట కన్నడంలో కిరసనాయిలు ఇప్పటికీ సీమె ఎణ్ణె. ఇంకో సంగతి. ఇంగ్లండుకు ఫ్రెంచివాళ్ళు కోపంగా వాడే పాత పేరు ‘ఆల్బియన్’, దాని ముందు నమ్మకద్రోహి అన్న విశేషణం. 1793లో హిమెనెస్ అనే కవి పద్యంతో అది బాగా పాకింది. ఆల్బియన్ అంటే తెల్లని దేశమనీ, డోవర్ దగ్గరి తెల్లటి సున్నపు కొండల వల్ల ఆ పేరొచ్చిందనీ అంటారు. మన బడిలో వాడిన సీమసున్నం చూస్తే ఆ కొండలే గుర్తొస్తాయి. నంద్యాల సభ ఆ సీమను లండన్ నుంచి వెనక్కి తెచ్చి రాయల పక్కన కూర్చోబెట్టింది. ఇవాళ తెలుగులో ఉత్త ‘సీమ’ అంటే ఎవరికీ ఇంగ్లండు తట్టదు. సీమ బిడ్డ, సీమ నీళ్ళు, సీమ రాజకీయం. చప్పుడు లేకుండా జరిగిన స్వాధీనం.

సీడెడ్ మాత్రం ఒక చోట బతికే ఉంది, సినిమా వ్యాపారంలో. కర్నూలు, కడప, అనంతపురం, బళ్ళారి బయ్యర్లకు నైజాం ఒక ఏరియా, సీడెడ్ ఒక ఏరియా. నిజాము లేడు, కుంఫిణీ లేదు, ఆ ఒప్పందం చించేసి ఎన్నాళ్ళయిందో. హక్కుల కాగితాల మీద ఆ రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి, 1800లో ఉన్నట్టే. 2019లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద ‘సైరా’ వచ్చినప్పుడు మా వైపు హాళ్ళలో విజిళ్ళు, పేపర్ల వాన. మొదటి రోజు వసూళ్ళు సీడెడ్ పద్దులో రాశారు.